ముత్తెన్న లేపిన చెయ్యి

హోళీ నాడు పొద్దున్నే పోసవ్వ వేసుకున్న ఉపాయం చాలా చిన్నది. మొగుణ్ణి కుస్తీ బరి దగ్గరికి తోలుకుపోవాలి, పెద్దమనుషుల చేత నెత్తిన రుమాలు కట్టించాలి, మారుమాట లేకుండా ఇంటికి తోలుకురావాలి. మధ్యాహ్నం గానుగ వంతు తమది. కొట్టిన చెరకు చేనులో ఎండుతోంది. దేవుణ్ణి ఆమె ఇంతకంటే ఏమీ అడగలేదు. ఇంత చిన్న కోరిక కదా అని కాబోలు, ఆయన కూడా పట్టించుకోలేదు.

ఆమె మొగుడు ముత్తెన్న బాన్సువాడ చుట్టుపట్ల పేరుమోసిన పహిల్వాన్. నిజాంసాగర్ కాలువ నీళ్లు ఈ దిక్కుకు రాకముందు నుంచీ, హోళీ కుస్తీల్లో వెండి కడెం ఏటా ఆయన చేతికే. తర్వాత కాలువ వచ్చింది, చెరకు వచ్చింది, గానుగలు వచ్చాయి, ముత్తెన్నకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి. వయసు మీద పడిందని ఊరందరికీ తెలిసింది గానీ ఆయనకు తెలియలేదు. ముందొక హోళీకి బీర్కూర్ వాడు పడేశాడు. మరుసటేడు పెద్ద కొడప్‌గల్ వాడు పడేశాడు. నిరుడు బిచ్కుంద దిక్కు తండా నుంచి వచ్చిన భద్రు అనే పిల్లగాడు ఎత్తేసి, మళ్లీ తానే లేపి, ఒంటి దుమ్ము దులిపి, కాళ్లు మొక్కాడు. ఓడినందుకు కాదు, ఆ మొక్కినందుకు ముత్తెన్న నెల రోజులు సరిగా అన్నం తినలేదు.

అప్పటి నుంచి ఊరికి ఇదే పంచాయితీ. ముత్తెన్న గెలిచిన పహిల్వానా, ఓడిన పహిల్వానా? పట్వారి ఆదిశేషయ్య పంతులు, "ఆఖరుకు ఏమైందన్నదే చూడాలె" అంటాడు. ముత్తెన్న బాల్య స్నేహితుడు పండరి, "ఆఖరి ముద్దల రాయి తగిలితే తిన్న బువ్వంత రాయేనా?" అంటాడు. బాయి కాడ ఇదే మాట, కిరాణం కొట్టు కాడ ఇదే మాట. చివరికి గాజులమ్మే మనిషి కూడా పోసవ్వ చెయ్యి పట్టుకొని, "నువ్వేమంటవు అక్కా?" అని అడిగింది. ఆ రోజు పోసవ్వ గాజులు వేసుకోకుండానే లేచి వచ్చింది.

ఇట్లా లాభం లేదని ఆమే వెళ్లి ఊరి శిస్తు వసూలు చూసే మాలీపటేల్ భార్య అరుణమ్మను పట్టుకుంది. రుమాలు కట్టించుకున్న పహిల్వాన్ మళ్లీ బరిలో దిగగూడదు. అప్పటిదాకా ఉన్న పేరు చెక్కుచెదరకుండా ఉండిపోతుంది. ఇంకొక్కసారి గనక ఓడాడా, ఆ పేరు పోతుంది, మోకాలూ పోతుంది, అన్నం మానేసిన మనిషితో ఇంకో ఏడాది వేగాలి. అరుణమ్మ మొగుణ్ణి ఒప్పించింది. ముత్తెన్నను ఒప్పించడానికి పోసవ్వకు పుష్యం, మాఘం రెండూ పట్టాయి.

"ఇగ చెప్పింది యాదికుంచుకో," అంది పోసవ్వ, వాకిట్లో ఆయన్ను పీట మీద కూర్చోబెట్టి. "నువ్వు మాట్లాడొద్దు. చెయ్యి లేపొద్దు. రుమాలు కడితె దండం పెట్టు, వచ్చేద్దాం. మన ఎర్రెద్దు మీద ఒట్టెయ్యి."

"నడుమ ఎద్దేం పాపం చేసిందే?"

"నువ్వు వెయ్యి!"

వేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ అంత దూరం నడవాలి గదా అని మోకాళ్లకు నువ్వుల నూనె పట్టించి రుద్దింది. రుద్దాక కట్టు కట్టాలనిపించింది. పెట్టెలోంచి ఆయన ఎర్ర లంగోటా తీసి, ఇది ఉంటేనే గదా దిగబుద్ధి పుట్టేది అనుకొని, కత్తిపీట మీద బీరకాయ కోసినట్టు నిలువునా కోసింది.

"నా లంగోటా!" అని అరిచాడు ముత్తెన్న.

"నీ మోకాలు!" అని అరిచింది పోసవ్వ, ఆ పేలిక బిగించి కడుతూ.

సరిగ్గా అప్పుడే డప్పు పోచన్న సాటింపు వేయడానికి ఆ దారిన పోతున్నాడు. కుస్తీ నాడు పొద్దున పహిల్వాన్లు నూనె మర్దన చేయించుకోవడం రివాజు. ఆగి లోపలికి తొంగిచూశాడు.

"గట్ల రుద్దుతున్నవేందవ్వా? ముత్తెన్న పటేలు దిగుతుండా ఏంది?"

"నీ డప్పు నువ్వు కొట్టుకోరాదు? మా ఇంటి ముచ్చట నీకెందుకు?"

కాదని అనలేదు. కొట్టుకోమని కూడా అంది. పోచన్న ఆమె చెప్పినట్టే కొట్టాడు. వీధి చివరికి వెళ్లేసరికి సాటింపులో ముత్తెన్న పేరు చేరింది. కుస్తీలకని ముందు రోజే వచ్చి దిగిన బిచ్కుంద వాళ్లు అది విని, ఉల్లిగడ్డ కారంతో రొట్టె తింటున్న భద్రును సగంలో లేపారు.

పోసవ్వ మొగుణ్ణి వెంటబెట్టుకొని బయలుదేరేసరికి తోవ పొడుగునా జనం. "జై ముత్తెన్న!" అని ఒకడు. "ఈసారి పడెయ్యాలె కాకా!" అని ఇంకొకడు. "అయ్యో, రుమాలుకు పోతున్నం, రుమాలుకు!" అని పోసవ్వ మొత్తుకుంది. ఇంతలో పాడుగాలి ఒకటి వచ్చి ముత్తెన్న ధోతి మోకాలి పైకి లేపింది. ఎర్రగుడ్డ కనబడింది.

"కట్టిండ్రో! లంగోటా కట్టిండు!"

"గది మోకాలి కట్టురా, మీ నోట్ల మన్నువడ!" అంది పోసవ్వ. ఎవడు వింటాడు? దెగ్లూర్ దిక్కు నుంచి వచ్చిన మరాఠీవాళ్లయితే "ఆలా! ఆలా!" అంటూ, వచ్చాడు వచ్చాడని తమ భాషలో కేకలేస్తూ దారి వదిలారు.

బరి దగ్గర, గెలిస్తే కొబ్బరికాయ ఇచ్చే చిన్న కుస్తీలు అయిపోయాయి. రుమాలు ఇత్తడి తాంబాళంలో సిద్ధంగా ఉంది. నాలుగు మంచి మాటలు చెప్పి కట్టేస్తే పని ముగిసేది. ఆ మాటలు చెప్పే పని ఆదిశేషయ్య పంతులుకు ఎవరు అప్పగించారో గానీ, వాళ్ల చేతులు పడిపోవాలని పోసవ్వ తర్వాత చాలాసార్లు అనుకుంది.

"ముత్తెన్న గొప్ప పహిల్వానే," అని మొదలుపెట్టాడు పంతులు. "అయితే ఈ మధ్యన ఓడిన మాట కూడ చెప్పకుంటె అబద్ధమైతది."

"నీ పెండ్లిల పప్పు మాడింది," అని లేచాడు పండరి. "మరి నీకు వేసే ప్రతి దండల గా ముచ్చట కూడ గుచ్చాల్నా పంతులూ?"

"నా పెండ్లి ముచ్చట ఇప్పుడెందుకయా?"

"మరి నిరుటి కుస్తీ ముచ్చట ఎందుకు?"

సగం జనం పంతులు వైపు, సగం జనం పండరి వైపు. ముత్తెన్న పాపం ఒట్టు ప్రకారం చేతులు కట్టుకొని నిలబడ్డాడు. తన గురించి, తన ఎదుటే, చచ్చిపోయినవాడి గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటుంటే విన్నాడు. పంతులు గొంతు పెంచి, "నిరుడు భద్రు ఎత్తేసిన తీరు మనమంత చూసిందే గద..." అనేసరికి ఇక ఆపుకోలేకపోయాడు.

"ఆగుండ్రి!" అని కుడిచెయ్యి పైకెత్తాడు.

జనం నిజంగానే ఆగారు. ఎందుకంటే బరి అంచున పహిల్వాన్ చెయ్యి లేపితే సవాలు విసిరినట్టే. ముందు ఎవరొచ్చి ఆ చెయ్యి పట్టుకుంటే వాళ్లతో కుస్తీ ఖాయం. పొద్దుటి నుంచీ దీనికోసమే కాచుకున్న పోచన్న డప్పు మీద సవాలు దరువు వేశాడు. ఒక్కసారిగా ఊరంతా హోరెత్తింది. బిచ్కుంద వాళ్లు భద్రును ముందుకు తోశారు. "కాకా, నాకైతే మనసు లేదు, వీళ్లే దొబ్బుతుండ్రు," అంటూ వాడు కాళ్లీడ్చుకుంటూ వస్తున్నాడు.

ముత్తెన్న ఆ చెయ్యి దించేస్తే సరిపోయేది. పోసవ్వ చూస్తూనే ఉంది. చెయ్యి దిగలేదు. తన కోసం జనం అట్లా అరిచి ఎన్నాళ్లయిందో! ఆయన ఛాతీ పొంగింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, కుంటుతూనే బరిలోకి ఒక అడుగు వేశాడు. లేవడం పొరపాటున లేచిన చెయ్యే. దిగకపోవడం మాత్రం పొరపాటు కాదని పోసవ్వకు తెలిసిపోయింది. ఒళ్లు మండిపోయింది.

కొంగు నడుముకు చెక్కి ఒక్క దూకు దూకింది. భద్రు ఇంకా అంత దూరంలో ఉండగానే మొగుడి చెయ్యి దొరకబుచ్చుకుంది. "పా ఇంటికి! గానుగ వంతు పోతది!"

డప్పు ఆగింది. ఆదిశేషయ్య పంతులు వేలు ఎత్తాడు.

"ముందు చెయ్యి పట్టింది పోసవ్వ. కుస్తీ ఆమెతోనే. పట్టకుండ పోతె పారిపోయినట్టు, పారిపోయినోనికి రుమాలు లేదు. తాతల నాటి రివాజు ఇది. అండ్ల ఆడమనిషి పట్టొద్దని ఎవ్వలు చెప్పలే."

"పంతులూ, నీకు మతి గిట్ల పోయిందా?"

"మతి వేరు, రివాజు వేరు," అన్నాడు పంతులు.

బరి నడుమ ఆలుమగలు చేతులు పట్టుకొని నిలబడ్డారు. పదిమందిలో అట్లా నిలబడింది పెళ్లినాడే.

"ఏం చేద్దామే?" అన్నాడు ముత్తెన్న మెల్లగా.

"నాకేమెరుక? పహిల్వాన్‌వు నువ్వు."

"నిన్ను ఎత్తెయ్యాల్నా?"

"ఎత్తు. నడుము విరుగుతది. నీదే."

ముత్తెన్న ఆమె ముఖంలోకి చూశాడు. కోపంతో ఎర్రగా ఉంది, కళ్ల నిండా భయం ఉంది. ఆయనకు ఉన్నట్టుండి నవ్వు వచ్చింది. నిరుటి హోళీ తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. మోకాలు జాగ్రత్తగా మడిచి కూర్చున్నాడు, తర్వాత వెనక్కి వాలాడు, చేతులు రెండూ చాపి మెత్తని ఎర్రమన్నులో వెల్లకిలా పడుకున్నాడు.

"చిత్తైన," అన్నాడు హాయిగా.

నవ్వులు మొదలయ్యాయి. పంతులు ఏదో అనబోతుంటే పండరి బరిలోకి వచ్చి నిలబడ్డాడు. "ఇది కూడ ఓటమి కిందనే చూస్తరా? పెండ్లాం చేతిల ఓడని మొగోడు ఈడ ఎవడన్న ఉంటె లేచి చెప్పుండ్రి!" ఒక్కడూ లేవలేదు. నిలబడి ఉన్న పంతులు కూడా, ఆడవాళ్ల వైపు ఒకసారి చూసి, గబుక్కున కూర్చున్నాడు. ముత్తెన్న పంచాయితీ ఆ విధంగా తేలింది. రుమాలు ముత్తెన్న నెత్తికి, వెండి కడెం పోసవ్వ చేతికి. భద్రు వచ్చి ఈసారి ఆమె కాళ్లు మొక్కి, సగం తిని వదిలిన రొట్టె వెతుక్కుంటూ పోయాడు.

గానుగ వంతు పోనే పోయింది. పైగా ఆ దూకుడులో పోసవ్వ మోకాలు బెణికింది. పొద్దు వాలుతుండగా అదే వాకిట్లో, అదే పీట మీద ఆమె కాలు చాపుకొని, చెరకును, పంతులును, ఎర్రెద్దును వరసబెట్టి తిడుతోంది. నెత్తిన రుమాలుతో ముత్తెన్న ఆమె మోకాలికి నూనె రుద్ది, తన కట్టు విప్పి ఆ ఎర్రగుడ్డనే ఆమెకు కట్టాడు.

ఆ దారిన ఇంటికి పోతున్న పోచన్న ఆగి, తొంగిచూసి, ఈసారి ఏమీ అడగకుండానే డప్పు చేతిలోకి తీసుకున్నాడు.