టైగరు దగ్గు, పెండ్లి చీర

ధర్మవరంలో పట్టుచీరలు నేసే హనుమంతప్ప ఆ ఉదయం వేసుకున్న ప్రణాళికలో రెండే అంశాలున్నాయి: పదిగంటలలోగా పెండ్లిచీర కొంగు ముగించి మగ్గం నుంచి కోయడం, దానిని షావుకారు నాగేశ్వర చేతికివ్వడం. ఆలస్యమైతే పెండ్లివారు మరో దుకాణానికి పోతారు. మూడు వారాల నేత ఇంట్లోనే మిగిలిపోతుంది. ఈ ప్రణాళికలో కుక్క లేదు.

అయితే కుక్క దగ్గింది.

"రెండు దినాల నుంచి దగ్గుతాండాది. టైగరును పశువుల డాక్టరుకు చూపిద్దాం," అంది భార్య జ్యోతిలక్ష్మి.

"నాలుగు దినాలు దగ్గాల. లేదంటే తిండి మానాల. అప్పుడు పోదాం," అన్నాడు హనుమంతప్ప, మగ్గం గుంతలోకి కాళ్లు దించుతూ.

"ఈ లెక్క టైగరుకు ఎవురు చెప్పాల?"

"నీకంటే దానికే తొందరగా అర్థమైతాది."

ఈ వాదన తేలేలోగా అతని తల్లి ఓబమ్మ తన నిర్ణయం తాను తీసుకుంది. వేపగాలి తగిలితే దగ్గు తగ్గుతుందని ఆమె నమ్మకం. టైగరు పడుకునేది గడప మీద. కనుక వేపకొమ్మ గుమ్మానికి వేలాడింది. ఆ తరువాత అత్తాకోడళ్లు పెరట్లో కండెలు చుట్టడానికి కూర్చున్నారు.

అనర్థానికి మూలం ఇదే. ఆ వీధిలో గుమ్మానికి వేపకొమ్మ కట్టారంటే ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. ఎవరికని అడగకూడదు, అడిగితే తల్లికి కోపం. లోపలికి అడుగు పెట్టకూడదు. గడప దగ్గర పెరుగన్నం పెట్టి, చెంబెడు నీళ్లు పోసి, మారు మాట లేకుండా వెనుదిరగాలి.

ఎదురింటి చంద్రిక మొదటి గిన్నె తెచ్చింది. తొమ్మిదిన్నరకు గిన్నెలు ఆరయ్యాయి. టైగరు భక్తితో కాకపోయినా శ్రద్ధతో ఆరింటినీ ఖాళీ చేసింది. గుంతలో కూర్చున్న హనుమంతప్పకు దాని తోక, ఒక గిన్నె అంచు మాత్రమే కనిపించాయి. "తింటాండాది సూడు! ఇంక డాక్టరు యాలనే?" అని పెరటి వైపు కేకవేసి, మళ్లీ పనిలో పడ్డాడు.

పదిగంటలకు నాగేశ్వర వచ్చాడు. వీధి మధ్యలోనే ఆగి, చెప్పులు విడిచి, గుమ్మానికి దండం పెట్టాడు.

"ఈ చీర నాకొద్దప్పా. ఇట్లాంటి ఇంట్లోది పెండ్లోళ్లకు ఎట్లిచ్చేది?"

"ఎట్లాంటి ఇల్లన్నా? ఈడ ఏమైంది?"

"నా నోట అనిపించొద్దు," అంటూ నాగేశ్వర వెళ్లిపోయాడు.

హనుమంతప్ప బయటికి వచ్చి కొమ్మను చూశాడు, గిన్నెలను చూశాడు, ఉబ్బిన కుక్క పొట్టను చూశాడు.

"అమ్మా! ఇది కట్టింది నువ్వేనా?"

"కుక్కకు కట్టినా. ఎవురైనా అడిగింటే చెప్పేదాన్ని గదా!"

"అడగకూడదనే గదమ్మా ఆచారం!"

అమ్మవారు కాదు, కుక్క దగ్గని చంద్రికకు చెప్పబోతే ఆమె చెవులు మూసుకుంది. "తల్లిని కుక్క అనొద్దన్నా, కండ్లు పోతాయి."

ఇక నిజాన్ని నిరూపించగలిగేది డాక్టరు చీటీ ఒక్కటే. నాలుగు దినాల నియమం నాలుగు నిమిషాలలో రద్దయింది. టైగరు ఆటో ఎక్కింది.

పశువుల డాక్టరు ఛాతీ విని, నాలుక చూశాడు. "దగ్గు చిన్నదే, వారం పది దినాల్లో పోతుంది. కానీ తక్కిన కుక్కలకు అంటుతుంది, వేరుగా పెట్టు. ఊపిరి ఎగబీల్చినా, నాలుక నీలంగా మారినా, నీరసపడినా మాత్రం దినాలు లెక్కబెట్టొద్దు, వెంటనే తీసుకురా. ఇప్పుడు మందు కావలసింది కడుపుకు. ఏం పెట్టినావప్పా?"

"ఆరిండ్ల పెరుగన్నం సార్."

"ఎందుకు?"

"చెప్తే నమ్మరు సార్. చీటీలో మాత్రం కుక్క అని పెద్దగా రాయండి."

దుకాణంలో నాగేశ్వర ఆ చీటీని రెండుసార్లు చదివి, మడిచి, తాను కూర్చున్న పరుపు కింద పెట్టాడు.

"దీన్ని ఎవురికైనా చూపించినావా?"

"లేదన్నా. నేరుగా నీ దగ్గరికే వచ్చినా. అమ్మవారు కాదు, కుక్క..."

"మెల్లగా! చీర ఎందుకు రాలేదని పెండ్లోళ్లు అడిగితే జరిగింది చెప్పినా. పెండ్లికూతురు అవ్వ చెంపలేసుకొని, తల్లి కొలువైన ఇంట్లో నేసిన చీరే కావాలనింది. వేరేది విప్పి చూపిస్తే కన్నెత్తి చూడలేదు. పోయి చీర తీసుకురాపో. ఇంకోసారి కుక్క మాట ఎత్తినావంటే ఆ చీర నువ్వే కట్టుకోవాల."

సాయంకాలానికి చీర చేతులు మారింది. మరుసటి వారం ఆ వీధిలో మరి ముగ్గురు నేతగాళ్ల కుక్కలు దగ్గాయి. వాటి యజమానులు పశువుల ఆసుపత్రికి పోక, గుమ్మాలకు వేపకొమ్మలు కట్టి, చీరలు చంకన పెట్టుకొని నేరుగా నాగేశ్వర దుకాణానికి పోయారు.