అత్తగారు లేవలేదు

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు, భోజనాల బల్ల మీద, డ్రాయింగు మాస్టారి పుస్తకం మూడు ముక్కలైంది. పదకొండింటికి పబ్లిషరు రావాలి.

పుస్తకం ఒక ఆటకు సంబంధించినది. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు అందులో దొంగో వైద్యురాలో అయి, తామేం చేస్తున్నారో నోటితో చెబుతారు. ఆ పని ఫలించిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. పాచికలు ఏం తేల్చాయన్నది పుస్తకం తేలుస్తుంది. మాస్టారు ఆ పుస్తకాన్ని ఏడేళ్ళు రాశారు. ఆరువందల పన్నెండు పేజీలు వచ్చింది. బల్ల ఖాళీ లేక, ఆ ఏడేళ్ళూ ఇంట్లోవాళ్ళు కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు.

అంతకుముందు ముగ్గురు పబ్లిషర్లు కాదన్నారు. మాస్టారి భార్య ఆస్పత్రిలో నర్సు. ఆవిడ ముందురోజే సంగతి తేల్చేసింది. "ఈవిడ కూడా కాదంటే పుస్తకం అటక మీదికి, బల్ల మాకు."

ఈ పబ్లిషరు, ఆట చూశాకే మాట్లాడతానంది. ఫోనులో ఒకే ప్రశ్న అడిగింది. "ఇలాంటి ఆటకి అసలు ఎన్ని పుస్తకాలుండాలంటారు?" మాస్టారు ఒకటన్నారు. నమూనా ప్రతిని కుట్టిన ఆయన బావమరిది, వృత్తికి బైండరు, పక్కనుంచి మూడన్నాడు. ఆడేవాళ్ళకొకటి, కథ నడిపేవాడికొకటి, రాక్షసులకొకటి.

"రాక్షసులు చదువుతారట్రా?" అని అతని తల్లి, అంటే మాస్టారి అత్తగారు, అడిగారు.

"చదవరమ్మా. వాళ్ళ గురించి ఉంటుంది. ఒక్క పుస్తకం పెట్టుకుని నలుగురు కూర్చుంటే ముగ్గురు గోళ్ళు గిల్లుకోవాలి."

"ఒకటి కొన్నవాడితో ఇంకో రెండు కొంటేగానీ ఆట సాగదంటే మోసం కాదుట్రా?" అన్నారు మాస్టారు.

ఆదివారం పొద్దున్న ఒకసారి ఆడి చూసుకుందామనుకున్నారు. బైండరు దొంగ, అతని అక్క వైద్యురాలు. దొంగకు తాళాల పేజీ కావలసివచ్చింది. అప్పుడే వైద్యురాలికి గాయాల పేజీ కావలసివచ్చింది. అక్కా తమ్ముడూ చెరోవైపు లాగారు. మాస్టారు మధ్యలో పట్టుకున్నారు. చివరికి ముగ్గురి చేతుల్లోనూ తలో ముక్కా మిగిలింది.

"మూడు చెయ్యాలని నువ్వే కావాలని జిగురు పల్చగా పూశావు."

"బావా, నన్నేమన్నా పడతాను. నా జిగురునంటే ఊరుకోను," అని బైండరు సంచిలోంచి డబ్బా తీశాడు. ఉన్నదంతా పూశాడు. ముక్కలు కలిపాడు. "ఇప్పుడు బరువు పెట్టాలి. సమంగా పడాలి. ఆరేదాకా కదలకూడదు."

ఇస్త్రీపెట్టె చాలలేదు. గ్యాస్ సిలిండరు పెడితే అంచు నొక్కుకుని అట్ట నలుగుతుందన్నాడు. షాపులో నొక్కే మిషను ఉంది, తాళంచెవి ఊరెళ్ళిన యజమాని దగ్గరుంది. అందరూ అత్తగారివైపు చూశారు.

"ఏంట్రా, అలా చూస్తున్నారు?"

"అమ్మా, ఓ గంటసేపు."

"పుస్తకం మీద కూర్చోమంటావా! కళ్ళు పోతాయి."

"ఆరేదాకా అది పుస్తకం కాదమ్మా. కాగితాలు."

అత్తగారు సరేనన్నారు. కుర్చీలో పుస్తకం పెట్టి, పైన తువ్వాలు మడిచి వేశారు. ఆవిడ కూర్చున్నారు. పుస్తకం కింద పాత పేపరు పరవాలని బైండరు బావకు చెప్పాడు. బావ అక్కతో చెప్పాననుకున్నారు. అంతలో కాలింగ్ బెల్ మోగింది. పబ్లిషరు ముందే వచ్చేసింది.

అందరూ లేచారు, అత్తగారు తప్ప.

"అమ్మకి మోకాళ్ళ నొప్పులండీ," అంది నర్సు.

"నడుం పట్టేసిందండీ," అన్నాడు బైండరు, అదే సమయానికి.

పబ్లిషరు ఇద్దరినీ చూసింది. "మోకాలా, నడుమా?"

"రెండూనమ్మా," అన్నారు అత్తగారు.

"అయ్యో, అలా కూర్చోబెట్టారేం? సోఫాలో పడుకోబెడదాం, పట్టండి."

"వద్దు!" అన్నారు ముగ్గురూ. పబ్లిషరు ఓ అడుగు వెనక్కి వేసింది. తర్వాత పుస్తకం అడిగింది.

"బైండింగులో ఉందండీ," అన్నారు మాస్టారు.

"బైండరు ఇక్కడే ఉన్నారుగా?"

"ఆరుతోందండీ," అన్నాడు బైండరు.

"సరే, అది లేకుండానే మొదలెట్టండి. ఏడేళ్ళు రాశారు, ఆ మాత్రం గుర్తుండదా?"

మాస్టారికి గుర్తులేదు. దొంగ ఏరు ఈదుకుంటూ వచ్చి గిడ్డంగి తాళం తియ్యబోయాడు. చేతులు తడి. దానికి ఎన్ని పాచికలు వెయ్యాలో నాలుగో అధ్యాయంలో ఉంది. మాస్టారి చూపు తనకు తెలియకుండానే అత్తగారి కుర్చీ మీదికి పోయింది. తననే అడుగుతున్నారనుకున్నారు అత్తగారు.

"తడి చేతుల్తో తాళమేం తీస్తాడు అల్లుడుగారూ, జారిపోతుంది. ముందు తుడుచుకోమనండి."

దొంగ తుడుచుకున్నాడు. ఆ ఆలస్యంలో కాపలావాడు వచ్చాడు. తప్పించుకోబోయి వైద్యురాలు గోడ మీంచి పడింది, కాలు విరిగింది. గాయాల పట్టిక పదకొండు పేజీలు. ముగ్గురూ కుర్చీవైపు చూశారు.

"కాలు విరిగినదాన్ని పరుగెత్తనివ్వను. తమ్ముడున్నాడుగా, మొయ్యమనండి."

"అక్కని మొయ్యడం నా వల్ల కాదమ్మా."

"చిన్నప్పుడు అది నిన్ను మొయ్యలేదూ?"

పబ్లిషరు మాస్టారి దగ్గరికి జరిగింది. "ఏ అనుమానమొచ్చినా ఆవిడనే అడగాలా? అది రూలా?"

మాస్టారు తువ్వాలు అంచు చూశారు, పబ్లిషరు మొహం చూశారు. "అవునండీ," అన్నారు.

పబ్లిషరు చెప్పులు విప్పి బల్ల దగ్గర కూర్చుంది. వంతెన కాపలాదారు పాత్ర తీసుకుంది. సుంకం కట్టందే వదలనంది. మోసుకొస్తున్న మనిషికి సుంకం లేదన్నారు అత్తగారు. పబ్లిషరు వాదించింది, గొంతు పెంచింది, బల్ల చరిచింది. అత్తగారు తగ్గలేదు. లేవలేదు కూడా. పబ్లిషరు ఓడిపోయింది. ఇంకోసారి ఆడదామంది, ఆడింది, మళ్ళీ ఓడింది. ఈలోగా మధ్యాహ్నమైంది.

"ఇప్పుడు చెప్పండి. ఎన్ని పుస్తకాలు?"

"ఒకటి," అన్నారు మాస్టారు.

"మూడు," అన్నాడు బైండరు.

"అసలెందుకండీ?" అంది నర్సు.

"చూసి నేను చెబుతాను. ఆరిందా?"

బైండరు గోడ గడియారం చూశాడు. "అమ్మా, లే."

అత్తగారు లేచారు. మోకాళ్ళూ బానే ఉన్నాయి, నడుమూ బానే ఉంది. పబ్లిషరు ఆవిణ్ణి చూసింది, కుర్చీని చూసింది, వంగి తువ్వాలు తీసింది. మాస్టారు పుస్తకం పట్టుకుని ఎత్తారు. కుర్చీ కూడా లేచింది. బావమరిది కుర్చీ కాళ్ళు పట్టుకుని లాగాడు. మాస్టారు, పుస్తకం, కుర్చీ, బావమరిది గది చివరిదాకా కలిసే వెళ్ళారు.

"పల్చగా పూశానన్నావు కదా బావా," అన్నాడు బైండరు, రొప్పుతూ.

పబ్లిషరు నేలమీద కూర్చుని, కుర్చీలో ఉన్న పుస్తకాన్ని అక్కడే తెరిచింది. తడి చేతుల పేజీ వెతికి చదివింది. గాలిలో తేమకు వేరే పాచిక ఉంది. గాయాల పట్టిక చదివింది. పుస్తకం మూసింది.

"ఇది వెయ్యను మాస్టారూ."

నర్సు బల్లవైపు చూడలేదు. భర్తవైపు చూసింది. మాస్టారు పాచికలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేస్తున్నారు.

"ఏవండీ," అంది పబ్లిషరుతో, "పొద్దుట్నుంచీ ఆడారు కదా. కథ నడిపింది ఈయనేగా?"

"అదే చెప్పబోతున్నాను. పొద్దుట్నుంచీ ఆడింది వేస్తాను. ఒకటే పుస్తకం, జేబులో పట్టాలి. కథ మాస్టారిది, తీర్పులు అమ్మగారివి."

"ఒకటన్నానా లేదా!" అన్నారు మాస్టారు, డబ్బా పక్కన పెట్టి.

పుస్తకం నలభై పేజీలతో వచ్చింది. అట్ట మీద రెండు పేర్లున్నాయి. మొదటి రూలు ఇలా ఉంది. "అనుమానం వస్తే బల్ల దగ్గరున్న వారిలో పెద్దవారిని అడగాలి. ఆట ముగిసేవరకు వారు లేవకూడదు."

ఇంట్లో ఇప్పుడు బల్ల మీదే తింటున్నారు. అక్కడి కుర్చీల్లో ఒకటి మిగతావాటికంటే రెండంగుళాలు ఎత్తు.