పాదిరిగారి చిటికెన వేలు

కంపాట్ అనే మాట మా ఇంగ్లండులో కాలం చేసింది. సంతాప సభ ఎవరూ పెట్టలేదు కనుక దాని చరిత్ర నేనే రాస్తున్నాను.

ఈస్టర్ ఏనాడు వస్తుందో లెక్కగట్టే విద్యకు కంపాట్ అని పేరు. లాటిన్‌లో పుట్టి, పాదిరుల వెంట మా విదర్‌కోట్ దాకా వచ్చింది. చంద్రుడి పంతొమ్మిదేళ్ల తిరుగుడు ఎడమచేతి కణుపుల మీదా, వేలికొనల మీదా సరిగ్గా సరిపోతుంది. కనుక మా ఓస్బర్న్ పాదిరిగారికి పుస్తకంతో పని లేదు. చెయ్యి ఉంటే చాలు.

ఒక చలికాలం పంది ఆయన ఎడమ చిటికెన వేలి కొన కొరికి మింగింది. ఆనాటి నుంచి ఈస్టర్ లెక్కలో కొంత పంది పొట్టలో ఉంది. ఊరందరికీ తెలుసు. మర్యాదస్థులం, ఎవరమూ అనలేదు.

ఆ ఏడు వాగవతల హెన్‌బీ వారు ఈస్టర్ చేసుకుని పందిని కాల్చుకున్నారు. మేమింకా ఈస్టర్ ముందరి ఉపవాసాల్లో ఉప్పుచేప నములుతున్నాం. గాలికి వచ్చే ఆ కమ్మని వాసన సైతాను పని అని చర్చి పెద్ద జెంకిన్ ప్రకటించాడు. ముక్కులు మూసుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది.

అప్పుడే నా భార్య సిబ్లీ జ్వరంతో మంచం పట్టింది. ఒక్క గుడ్డు అడిగింది. ఉపవాసాల్లో గుడ్డు నిషిద్ధం. మా పెట్టకు కంపాట్ రాదు, రోజూ పెడుతూనే ఉంది.

పాదిరిగారు దయగలవారు. జెంకిన్‌ను వెంటబెట్టుకుని స్వయంగా వచ్చి, మంచం పక్కన కూర్చుని, వేళ్లు లెక్కపెట్టారు.

"ఎంతమ్మా, ఇంకో నాలుగు వారాలు. ఓర్చుకో తల్లీ."

"ఆ లేని కొన కూడా లెక్కెయ్యండి అయ్యగారూ," అంది సిబ్లీ. "నా కోసం."

పాదిరిగారు చెయ్యి అంగీలో దాచుకున్నారు. జెంకిన్ అందుకున్నాడు. "జ్వరంలో ఏదో పేలుతోంది లెండి. ఏమ్మా, నీ నోటి రుచి కోసం ప్రభువు నెల ముందే సమాధిలోంచి లేవాలా? నీకు గుడ్డిస్తే రేపు ఊళ్లో ప్రతివాడికీ జ్వరమే!"

"హెన్‌బీలో పుట్టుంటే ఈపాటికి నాలుగు మింగేదానివి కదే పిచ్చిదానా," అని గుమ్మంలో నిలబడ్డ పొరుగింటి మాబెల్ కళ్లొత్తుకుంది. పోతూ పోతూ మా కోళ్లగూట్లో గుడ్లు లెక్కపెట్టి మరీ పోయింది.

సిబ్లీ నాలుగు వారాలు ఓర్చుకోలేదు. మా ఈస్టర్ నాడు ఊరంతా కదిలివచ్చి ఆమె సమాధి మీద గుడ్లు పెట్టింది. ఉడకబెట్టి, ఎర్రరంగు వేసి. ఉపవాసం చెడకుండా వెళ్లిన పుణ్యాత్మురాలని జెంకిన్ ప్రసంగించాడు.

తరవాత అచ్చు పంచాంగాలొచ్చాయి. కంపాట్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. తలుపు మీద కాగితం వేలాడుతుంది. దాన్ని లెక్కగట్టినవాడికి వేళ్లన్నీ ఉన్నాయా అని ఎవరూ అడగరు.

ఇది చదివి మీరు నిట్టూరుస్తారు. మీరైతే సిబ్లీకి గుడ్డు పెట్టి ఉండేవారే. మాబెల్ లెక్కపెట్టి పోకపోతే.