ముందు దెయ్యం, తర్వాత చావు

వరద నీళ్ళు మా సినిమా హాల్లో ఎనిమిదో వరస దాకా వచ్చిన ఏడు, అత్తగారి దెయ్యం సినిమా వచ్చింది. నలభై ఏళ్ళు ఆగి, ఇప్పుడు దానికి రెండో భాగం తీశారు. మొదటిదాన్ని వంద రోజులు, రోజుకి నాలుగు ఆటలు నా చేత్తో ఆడించినవాణ్ణి. ఒట్టేసి చెబుతున్నాను, రెండోదే గొప్ప!

కాదనేవాళ్ళుంటే ఎదురుగా రండి.

అసలు మొదటి దాంట్లో ఏముంది? ఓ అత్తగారు మెట్ల మీద జారిపడి పోతుంది. దెయ్యమై వచ్చి, ముగ్గురు కోడళ్ళూ ఆర్పకుండా వదిలేసిన లైట్లన్నీ ఆర్పుకుంటూ ఇల్లంతా తిరుగుతుంది. అంతే! ఎందుకు ఆర్పుతుందో ఒక్క ముక్క చెప్పరు. మొహానికి బెత్తెడు మందాన పౌడరు. చిన్నకోడలు తుమ్మితే దెయ్యం సగం ఎగిరిపోయేది. అదీ ఒక దెయ్యమేనా?

ఇప్పటి దెయ్యాన్ని కంప్యూటర్లో చేశారు. పళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. ఆవిడకి లైట్ల మీద అంత పగ ఎందుకో నలభై నిమిషాలు కూర్చోబెట్టి వివరించారు. ఆలోచించే శ్రమ లేదు. నవ్వే శ్రమ అసలే లేదు! ఎక్కడ నవ్వాలో వెనకాల సంగీతమే కుయ్ కుయ్‌మని చెబుతుంది. మనం నోరు తెరిచేలోగా మన తరఫున అదే నవ్వేసి ముందుకు పోతుంది. ప్రేక్షకుడికి ఇంత విశ్రాంతి ఇదివరకు ఎవరిచ్చారు?

విశ్రాంతి అంటే మా ఆవిడ సంగతి చెప్పాలి.

ఆ రోజుల్లో ఆవిడ ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపేది. చింపడం అవగానే తలుపు పక్కన నిలబడి సినిమా చూసేది. నవ్విందంటే, మెషీను రొదని దాటుకుని పై గదిలో నా దాకా వినపడేది. రీలు ఎక్కడిదాకా వచ్చిందో ఆ నవ్వుని బట్టే చెప్పేవాణ్ణి. రెండేళ్ళ కిందట కట్టుడు పళ్ళు పెట్టించుకుంది. ఎక్కడ ఊడి పడతాయోనని అప్పట్నించీ నవ్వొస్తే చాలు, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. చేతి వెనకనుంచి ‘హుమ్’ అని వినిపిస్తుంది. అంతే.

ఆ పాత నవ్వు ఒక్కసారి వినాలని రెండో భాగానికి తీసుకెళ్ళాను. ఆ మాట ఆవిడతో అనలేదు. నేను పెద్దగా ఏదీ అనను.

పదో నిమిషంలో నిద్రపోయింది. రెండు గంటలపాటు కదల్లేదు! ఏ మాత్రకీ రాని నిద్ర! చెప్పానుగా, రెండోదే గొప్పని.

సాయంత్రం ఇంటికొచ్చాక అడిగింది, “ఏవండీ, అత్తగారు ఎప్పుడు పోయింది? నేను చూడనే లేదు.”

“నీకు కన్నంటుకోగానే. పాత కథ గుర్తు చేస్తూ చూపించారు. మెట్ల మీద జారింది, పోయింది, దెయ్యమైంది.”

“తప్పు! ముందు దెయ్యమై లైట్లార్పుతుంది. ఆ తర్వాత జారిపడుతుంది. వంద రోజులు చూసినదాన్ని, నాకా చెప్తారు? సొంత కథే తెలీకుండా రెండో భాగం ఎలా తీశారండీ వీళ్ళు?”

ఇక దాచి లాభం లేదు. అప్పట్లో సినిమా రేకు డబ్బాల్లో చుట్టలు చుట్టలుగా వచ్చేది. డబ్బా మీద అంకె ఉండేది. వరద నీళ్ళకి అంకెలు చెరిగిపోయాయి. మొదటి రోజు మొదటి ఆటకి, ఆరో చుట్ట వెయ్యాల్సిన చోట ఏడోది వేశాను. మెట్లు ఎక్కకముందే అత్తగారు దెయ్యమైపోయింది! ఆ తర్వాత మామూలు మనిషై వచ్చి జారిపడింది. కోడళ్ళు గుండెలు బాదుకుని ఏడుస్తుంటే, “నాటకం! మళ్ళీ లేస్తుంది చూడండి!” అని జనం విరగబడి నవ్వారు. ఎనిమిదో చుట్టలో నిజంగానే లేచింది. రెండో ఆటకి సరిచేసి వేశాను. రెండోసారి వచ్చినవాళ్ళు గోల గోల. “అత్తగారిని అప్పుడే చంపేశారేం?” ఓనరు పరుగున పైకొచ్చి, “నాయనా, ఆ తప్పే కానియ్” అన్నాడు. ఆయన ఎప్పుడో పోయాడు. సంగతి నా ఒక్కడి దగ్గరే మిగిలింది.

అంతా విని మా ఆవిడ కళ్ళింత చేసుకుంది.

“నలభై ఏళ్ళు నాకు చెప్పలేదా?”

“నువ్వు అడగలేదు.”

“అడగడానికి నాకేం తెలుసని, నా మొహం!” కాసేపు గుర్రుగా చూసింది. ఉన్నట్టుండి, “ఇవాళ్టి సినిమా చివర ఏమైంది?” అంది.

“పగ తీరి, వెలుగులో కలిసిపోయి మోక్షానికి పోయింది.”

“అయితే రెండో సగం ముందు వేస్తే? మోక్షం దాకా వెళ్ళి, ‘అయ్యో, వరండాలో లైటు వదిలేశారే’ అని వెనక్కొచ్చినట్టుంటుంది!”

నవ్వు పెదాల దాకా వచ్చింది. చెయ్యి అంతకన్నా ముందొచ్చింది. హుమ్.

మర్నాడు పొద్దున్నే, మేం సినిమా చూసిన కొత్త హాలుకి వెళ్ళి మేనేజరుని అడిగాను, రెండో సగం ముందు వెయ్యడం కుదురుతుందా అని.

“మా చేతిలో ఏం లేదు పెద్దాయనా. టైమైతే అదే మొదలవుతుంది, అదే ఆగుతుంది.”

“పొరపాటునైనా?”

“పొరపాటు జరిగే ప్రశ్నే లేదండీ!” అన్నాడు, ఛాతీ విరుచుకుని.

అదండీ అసలు రోగం. రెండో భాగంలో తప్పు ఒక్కటి లేదు. చేద్దామన్నా, అక్కడ మనిషే లేడు.

తిరిగి ఇంటికెళ్ళి ఆవిణ్ణి తీసుకొచ్చాను. పొద్దుటాటకి రెండు, మధ్యాహ్నం ఆటకి రెండు టిక్కెట్లు కొని, ఇంటర్వెల్ దాకా బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. గేటతను జాలిపడ్డాడు. “సగం అయిపోయింది పెద్దాయనా, ఇప్పుడా వెళ్ళేది?”

“ఇప్పుడే. మిగతా సగం మధ్యాహ్నం చూస్తాం.”

చెయ్యి పట్టుకుని లోపలికి నడిపిస్తున్నాను. వరండా నిండా ఎండ, ఆ ఎండలో ఎవరూ పట్టించుకోని లైటొకటి వెలుగుతోంది. ఆగి, స్విచ్చి వెతికి, టప్పున ఆర్పాను.

ఆవిడ ఒక చెయ్యి నా చేతిలో ఉంది. రెండో చేతిలో టిక్కెట్లున్నాయి. నోటికి అడ్డం పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. గేటతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు.