అత్తగారి సీటు కింది శత్రువు

సింగ్గాలాంగ్ పర్వతశిఖరమున మేఘకిరీటమింకను తొలగక మునుపే, బుకిత్తింగి విపణివీథులయందు అరటికాయ వేపుళ్ల పరిమళము దిగ్విజయము సలుపుచుండగా, అంగ్కోత్ అని జనులు పిలుచుకొను ఎఱ్ఱని చిన్న వ్యానునకు సారథియు, శతగర్తలంఘనుడును, హారన్‌నాదభీకరుడును అగు సఫ్రిజాల్ అను వీరుడు వీథి వీథినా ప్రయాణికులను కూర్చుకొనుచుండెను.

అట్టివాని రథమునకొక మాయారోగము సంక్రమించెను. సమతలమున ఐరావతమువలె సాగు ఆ బండి, కోటో రానా గ్రామమునకు పోవు నిట్టనిలువు మలుపున, జనము క్రిక్కిఱిసియుండగా, చిన్న దగ్గైన దగ్గక ప్రాణములు విడుచును. తాళము త్రిప్పినంతనే ఏమియు నెఱుగనట్లు గుఱ్ఱుమని లేచును. పైగా ఆగుటయు నిత్యము కాదు. ఆగదులెమ్మని ధైర్యము చిక్కిన నాడే ఆగును. అప్పుడు ప్రతివీరుడగు యుహర్మాన్, పాటలు మారుమ్రోగు సరికొత్త శకటముతో వెనుకనుండి వచ్చి, దిగినవారినెల్ల ఎక్కించుకొని, "నువ్వు దింపన్నా, నేను ఎక్కిస్తా. ఇద్దరం కలిసి బాగానే నడుపుతున్నాం" అని నవ్వుచు పోవును.

సఫ్రిజాల్ తన రథమును మెకానిక్ జుల్హెంద్రి షెడ్డునకు తోలుకొనిపోయెను. అచ్చట బ్యాటరీ మారెను, ప్లగ్గులు మారెను, ఫ్యూజులన్నియు అగ్నిపరీక్షకు నిలిచెను. షెడ్డు ముంగిట ఆ బండి మునికుమారునివలె వినయముగా మ్రోగుచుండెనే కాని, ఎంత వేచినను ఆగదాయెను. జుల్హెంద్రి చేతులు తుడుచుకొని, "బండికేం లేదు తమ్ముడూ. అనుమానం జబ్బు నీకే పట్టింది" అని తీర్పు చెప్పెను.

ఇట్లుండ, కోటో రానాలో అత్తగారి మేనకోడలి కూతురి పెండ్లి దాపురించెను. భార్య యింట కాపురమున్న సఫ్రిజాలునకు అత్తగారు రోస్మానియార్ మాట రాజశాసనము. ఆ వృద్ధసింహి పెండ్లికని ముందుగానే వండిన రెండాంగ్ అను మాంసపుకూర గిన్నెకు మూతబిగించుచు, తల యెత్తకయే పలికెను:

"నేను యుహర్మాన్ బండిలో వస్తాలే అల్లుడూ. గిన్నె ఒళ్లో పెట్టుకుని నడిరోడ్డు మీద కూర్చునే ఓపిక నాకు లేదు."

బ్రహ్మాస్త్రమైనను ఇంత సూటిగా తగిలియుండదు. ఇంటల్లుడు బండి కలిగియుండగా అత్త పరశకటమున పెండ్లికి తరలుటయా! విపణి యంతయు చూడదా! ఆ పూట సఫ్రిజాల్ కంచము ముందునుండి లేచిపోయెను. మగని ముఖము చూచి భార్య దెస్మావర్ని కనికరించియు, విసుగుకొనియు, ఇట్లనెను:

"ఎత్తు ఎక్కేటప్పుడు కదా బావా ఆగుతుంది? మరి చదునులో పెట్టి వెతికితే ఏం దొరుకుద్ది? పద, అక్కడికే పోదాం."

దంపతులిరువురును ఆ ఘోరరణస్థలి చేరిరి. వెనుక చక్రములకు బండరాళ్లు అడ్డువేసిరి. దెస్మావర్ని స్టీరింగు పట్టెను. ఇంజను ఆ జాతి బండ్లలో ముందు సీటు క్రిందనే యుండును గనుక, సఫ్రిజాల్ ఎడమవైపు సీటును, అనగా అత్తగారు నిత్యము అధిష్ఠించు సింహాసనమును, పైకెత్తి, తెఱచిన తలుపు చెంత మోకరిల్లి, టార్చి వెలుగున ఆ తీగల అరణ్యములోనికి తల దూర్చెను. భార్య బ్రేకు తొక్కిపట్టియే క్లచ్చి కొంచెము వదలెను. బరువు మోయుచున్నట్లు ఇంజను ఒక ప్రక్కకు ఒరిగెను. ఒరుగుటతోడనే, ఇంజనునకు నిప్పురవ్వ నందించు కాయిలుకు పోవు నల్లని తీగ యొకటి అల్లెత్రాడువలె బిగిసెను. బిగిసినంత బండి చచ్చెను!

మరల ప్రయత్నించిరి, మరల బిగిసెను, మరల చచ్చెను. ఈసారి సఫ్రిజాల్ ఆ తీగను వ్రేళ్లతో వదులుగా పట్టియుంచెను. ఇంజను ఒరిగెను, ఊగెను, ఆగదాయెను.

"దొరికాడు," అని అతడు మెల్లగా అనెను. కన్నుల నీరు తిరిగెను, పొగవలననని చెప్పెను.

కోసి చూడగా, పైతొడుగు నవయౌవనమున నిగనిగలాడుచుండ, లోని రాగి ఎప్పుడో తెగియుండెను. చదునున కొనలు రెండును ముద్దాడుకొనును, ఎత్తున ఎడబాయును. అంతియ! ఇన్నినాళ్లు ఒక మహారథుని వంచించిన మాయావి వ్రేలెడు తీగ! సఫ్రిజాల్ క్రొత్త తీగను, ఎంత ఒరిగినను బిగియనంత వదులుగా సంధించెను.

పెండ్లినాడు దెస్మావర్ని, "నేను దీంట్లోనే వెళ్తున్నానమ్మా" అని ముందుగా వెనుక సీటున కూర్చుండెను. కూతురిని విడిచి పోలేక, గొణుగుచు, రోస్మానియార్ తన సింహాసనమెక్కెను. మలుపు వచ్చెను. సఫ్రిజాల్ గేరు మార్చెను. ముసలమ్మ కన్నులు మూసి, గిన్నెను కౌగిలించి, దేవుని తలచుకొనెను. ఇంజను ఒరిగెను, గర్జించెను, ఎక్కెను. ఎక్కి, ఎక్కి, కొండకొమ్మున అద్దమువంటి చదునునకు చేరెను!

అత్తగారు ఒక కన్ను తెఱచి వెనుకకు చూచెను.

"దాటొచ్చేశామా? ఏం అల్లుడూ, ఇవాళే ఆపకూడదా? మలుపులో ఒకావిడ ఉడికించిన మొక్కజొన్న అమ్ముతుంది, ఒక పొత్తు తిందామనుకున్నా."

అంతట ఆ జితశైలుడు, విద్యున్మాయావిదారణుడు, చిఱునవ్వు మీసమున దాచి, బండిని వెనుకకు మఱల్చి మలుపునకు దిగి, మొక్కజొన్న గంప ఎదుట బ్రేకు తొక్కెను. జనులారా, వినుడు! నాడు కోటో రానా మలుపున ఆ బండి మరల ఆగెను. కాని ఈసారి ఆపినవాడు సఫ్రిజాల్!