పగులు మీద తోరణం

ఆదివారం పొద్దున వెంకటేశం వేసుకున్న లెక్క చాలా తేలికైనది. పదింటికి హైదరాబాద్ నుంచి చంద్రకాంత్ అనే అతను భార్యతో కారులో వచ్చి ఇల్లు చూస్తాడు. చూసి మురిసిపోయి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బుతో వెంకటేశం సోమవారం ఆ ఇంటిని అసలు యజమాని నుంచి రిజిస్ట్రేషన్ చేయించుకుని, నెల తిరక్కుండా చంద్రకాంత్‌కే రాసిస్తాడు. మధ్యలో మిగిలేదానితో హైవే మీద సొంత షట్టర్ కొంటాడు. ఏళ్ల తరబడి పటాన్‌చెరులో కిరాయి షట్టర్‌లో టైల్స్ అమ్ముతున్నవాడికి అంతకు మించిన మోక్షం ఏముంటుంది? ఈ లెక్క నిలవాలంటే ఒకటే షరతు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకరి మొహం ఒకరు చూడకూడదు.

అమ్మేవాడు సూర్యప్రకాశరావు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఇంజనీరుగా చేసిన మనిషి. ఎనభై దాటి చాలాకాలమైంది, కోపం మాత్రం ఉద్యోగంలో ఉన్నప్పటిదే. పంతొమ్మిది వందల అరవైల చివర్లో ఆఫీసర్ల కాలనీలో తనే గీసుకుని కట్టించుకున్న ఇల్లది. చదును కప్పు, వాకిలి మీదికి రెక్కలా చాచిన సజ్జ, పడమటి వైపు సిమెంటు జాలీ గోడ, హాలంతా రంగు రాళ్ల మొజాయిక్ గచ్చు. వెంకటేశం కళ్లకు అది కూలగొట్టించే కూలీ కూడా దండగైన కొంప. కానీ హైదరాబాద్‌లో కొందరు ఇలాంటి పాత ఇళ్లను వెతుక్కుంటూ సెలవురోజుల్లో ఊళ్లమీద పడుతున్నారనీ, గోడల్ని దూడల్ని నిమిరినట్టు నిమిరి ఫొటోలు దిగుతున్నారనీ, అడిగినంత ఇస్తున్నారనీ అతని చెవిన పడింది. ఎందుకని అతను అడగలేదు. గిరాకీని ఎందుకొచ్చావని అడిగేవాడు వ్యాపారం చేయలేడు.

రావుగారు బిల్డర్లను గేటు దాటనివ్వలేదు. వెంకటేశం వెళ్లి చేతులు కట్టుకుని, "నాకు గీ ఇంట్లనే బతకాలని ఉంది సార్" అన్నాడు. ముసలాయన కరిగిపోయి తక్కువ ధరకు ఒప్పుకుని, కొద్దిపాటి బయానా తీసుకుని, తాళంచెవులు చేతిలో పెట్టి, కిష్టారెడ్డిపేటలో కూతురు ఇంద్రజ ఉండే ఫ్లాటుకు వెళ్లిపోయాడు. ఇల్లు ఇల్లుగానే ఉండాలి, అందులో మనుషులుండాలి, అంతే ఆయన కోరింది.

తాళం చేతికి రాగానే వెంకటేశం ఇంటిని బాగుచేయించాడు. బాగుచేయడమంటే అతనికి తెలిసింది ఒకటే. దుకాణంలో ఎవరూ కొనక మూలపడ్డ బాత్రూం టైల్స్, నీలినీళ్లలోంచి డాల్ఫిన్లు ఎగురుతున్నవి, తెచ్చి హాల్లో మొజాయిక్ మీద పరిపించాడు. అమ్మేసే ఇల్లే కదా అని సిమెంటు తగ్గించి ఇసుక పెంచాడు. ఏసీ కోసం వాకిలి పైన రంధ్రం చేయిస్తే గుమ్మం మీది గోడ ఈ మూల నుంచి ఆ మూలకు పగిలింది. అది దాచడానికి ఆ ఉదయం భార్య సుమిత్రతో గుమ్మానికి దట్టంగా మామిడాకులూ బంతిపూలూ కట్టించాడు.

అక్కడే లెక్క తప్పింది. సుమిత్ర తోరణం కడుతుంటే, వచ్చేవాళ్లకు చాయ్ కోసమని పొయ్యిమీద పెట్టిన పాలు పొంగి గట్టు మీదికి కారాయి. పక్కింటి నాగేశ్వరి పిట్టగోడ మీంచి ముందు తోరణం చూసింది, తర్వాత వంటింటి కిటికీలోంచి పాలు చూసింది. నడుముకు చెంగు దోపుకుని వచ్చేసింది.

"ఏవండీ సుమిత్రగారూ, పక్కింట్లో పాలు పొంగిస్తుంటే గోడెక్కి చూడాల్సొచ్చింది. మేవంత కానివాళ్లవైపోయావా?"

సుమిత్ర మొగుడివైపు చూసింది. వెంకటేశం మనసులో జల్దీగా కూడి తీసేశాడు. కాదంటే తోరణమెందుకని అడుగుతుంది. అమ్మకానికి చూపిస్తున్నామంటే మధ్యాహ్నానికి రావుగారి చెవిన పడుతుంది. అబద్ధానికి ఖర్చేమీ లేదు.

"చిన్నగ చేస్కుంటున్నం అక్కా. ఎవ్వరికి చెప్పలే" అన్నాడు.

"గృహప్రవేశం చిన్నగా చేసుకునేదేవిటండీ, దొంగతనవా?"

ఆమె తిట్టి వెళ్లిపోయి ఉంటే బేరం లాభసాటిగానే ఉండేది. కానీ నాగేశ్వరి మంచి మనిషి. అరగంటలో గుడి పూజారిని పట్టుకొచ్చింది. ఈరోజు ముహూర్తం అంత బాగాలేదని నసిగిన పూజారి, సంభావన మాట రాగానే చాలా బాగుందన్నాడు. కాలనీ ఆడవాళ్లు పళ్లాల్లో పండ్లూ జాకెట్టు ముక్కలూ పెట్టుకుని దిగారు. వాళ్లు కూర్చోవడానికి నాగేశ్వరి హాల్లో పెద్ద జంపఖానా పరిపించింది. డాల్ఫిన్లన్నీ దాని కింద మునిగిపోయాయి. ఇంతమందికి తిండి పెట్టక తప్పదని, గడ్డపోతారం ఫ్యాక్టరీలకు షిఫ్టు భోజనాలు పంపే మెస్సుకు వెంకటేశమే ఫోన్ చేశాడు. ఒక పూట భోజనాలు ఒకవైపు, సొంత షట్టర్ ఒకవైపు. తూకం ఇంకా తనవైపే ఉందనుకున్నాడు.

చంద్రకాంత్‌కు ఫోన్ చేసి రావద్దని చెబుదామనుకునేలోపు పూజారి అతని చొక్కా విప్పించి కొక్కేనికి తగిలించాడు. ఫోన్ ఆ జేబులోనే ఉండిపోయింది. భుజాన కండువా వేసి, దాని కొసను సుమిత్ర కొంగుకు ముడివేసి, ఇద్దరినీ పీటల మీద కూలేశారు. వెంకటేశం రెండుసార్లు లేవబోయాడు. రెండుసార్లూ సుమిత్ర కొంగు లాగింది.

"కూసో. అందరు సూస్తున్నరు" అంది సుమిత్ర పళ్ల మధ్య నుంచి.

అప్పుడు నాగేశ్వరి ఇంకో శుభవార్త చెప్పింది. రావుగారికి ఫోన్ చేసిందట, బయల్దేరారట. ఆమె చెప్పి ముగించేసరికే ఆటో ఆగింది. గంజిపెట్టిన తెల్లచొక్కాలో రావుగారూ, వెనకే ఇంద్రజా దిగారు. ముసలాయన తోరణం చూసి ఆగిపోయాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వు లాభానికి అమ్మేస్తావని మా ఇందు అనుమానపడిందోయ్. తిట్టాను దాన్ని" అన్నాడు.

ఇదీ ఒకందుకు మంచిదేనని వెంకటేశం సర్దుకున్నాడు. రేపటి రిజిస్ట్రేషన్‌కు ఇంక తిరుగులేదు. ఆ తృప్తి గేటు దగ్గర కారు ఆగేదాకా నిలిచింది.

చంద్రకాంత్, అతని భార్య రుచిత దిగారు. అతను గేటులోనే మోకాళ్ల మీద కూర్చుని, సజ్జను కిందనుంచి దేవుణ్ని చూసినట్టు చూశాడు. ఎవరండీ వీళ్లని నాగేశ్వరి అడిగింది.

"మా ఆమె దిక్కు చుట్టాలు" అన్నాడు వెంకటేశం. అదే క్షణంలో సుమిత్ర, "మా ఆయన దిక్కు" అంది.

"మేనరికవన్నమాట" అని నాగేశ్వరి ఇద్దరికీ బొట్టు పెట్టింది.

చంద్రకాంత్ ఎవరినీ పట్టించుకోకుండా జాలీ గోడ దగ్గరికి వెళ్లి, అరచేత్తో నిమురుతూ నిలబడ్డాడు. ఏం చూస్తున్నావు బాబూ అని రావుగారు అడిగారు. పడమటి ఎండ ముక్కలు ముక్కలుగా గచ్చు మీద పడాలనే ఈ జాలీ ఇటు పెట్టారనీ, కట్టినాయన మామూలు మనిషి కాదనీ అతను చెప్పాడు. యాభై ఏళ్లలో ఆ సంగతి గుర్తించినవాడు లేడు. రావుగారి భార్య కూడా దుమ్మొస్తోందనే అనేది. ముసలాయన అతని చెయ్యి పట్టుకుని, ఆ ఎండ పడే గచ్చు చూద్దువుగాని రమ్మని హాల్లోకి లాక్కొచ్చాడు. ఒక్కో రాయీ తనే ఏరి వేయించానంటూ ఆడవాళ్లను లేపి, జంపఖానా అంచు పట్టుకున్నాడు.

"పూజల కూసున్నోళ్లను లేపొద్దు సార్, మంచిది కాదు" అన్నాడు వెంకటేశం పీట మీంచి.

జంపఖానా లేచింది. డాల్ఫిన్లు ఎగిరాయి.

పూజారి మంత్రం మధ్యలో ఆపేశాడు.

"ఏవిటోయ్ ఇవి?"

"డాల్ఫిన్లు సార్. నీళ్లు పడ్డా ఏం గావు."

"హాల్లోకి నీళ్లెందుకొస్తాయి?"

చంద్రకాంత్ చావింట్లో పరామర్శించే గొంతుతో, "బాధపడకండి. మేం కొన్నాక మొదటి పని ఇవి తీయించడమే" అన్నాడు.

"కొన్నాక?" అన్నారు రావుగారు.

చంద్రకాంత్ అమాయకుడు. వెంకటేశం చెప్పిన ధర దాచకుండా చెప్పేశాడు. ఇంద్రజ తండ్రివైపు చూసింది, తిట్టు తిన్న కూతురు చూసే చూపు. తను మాట తప్పలేదనీ, బిల్డర్లకైతే ఇవ్వలేదు కదా అనీ, వచ్చినవాళ్లు ఇందులో మంచిగ బతుకుతారనీ వెంకటేశం కూర్చున్నచోటి నుంచే వాదించాడు. రావుగారు గచ్చు మీంచి కళ్లు తిప్పలేదు.

"ఇందూ, వీడి బయానా వీడికి పంపించెయ్యి."

కొక్కేనికి వేలాడుతున్న చొక్కా జేబులో ఫోన్ టింగుమంది.

మిగతాది జాలీ గోడ దగ్గర నిలబడే తేలిపోయింది. రావుగారు తన ధర మీద కొంత పెంచారు, చంద్రకాంత్‌కు వెంకటేశం ధర మీద కొంత తగ్గింది. వెంకటేశం సొంత షట్టర్‌ను ఇద్దరూ చెరిసగం పంచుకున్నారన్నమాట. రేపు రిజిస్ట్రేషన్ ఎలాగూ ఉంది, పేరొక్కటే మారుతుంది. ముహూర్తం దాటిపోతోంది, పీటల మీద ఎవరుంటారో తేల్చమని పూజారి తొందరపెట్టాడు. రావుగారు చంద్రకాంత్ దంపతుల వైపు వేలు చూపించారు. పూజారి కండువా ముడి విప్పి, వెంకటేశాన్నీ సుమిత్రనూ లేపాడు. జీన్స్ మీద నాగేశ్వరి పట్టుచీర చుట్టబెట్టుకుని రుచిత చంద్రకాంత్ పక్కన కూర్చుంది. పండ్లూ జాకెట్టు ముక్కలూ ఆమె ఒళ్లోకి వెళ్లాయి. పాలు మళ్లీ పొంగించారు. అంతలో మెస్సువాళ్లు భోజనాలు దించి, బిల్లు ఎవరికని అడిగితే అందరూ ఒక్కమాటగా వెంకటేశాన్నే చూపించారు.

"పులిహోర మంచిగ చేసిండ్రు. తిను, పైసలు మనయే" అంది సుమిత్ర.

వెళ్తూ వెళ్తూ వెంకటేశం అక్కసు పట్టలేక తోరణం తెంపేశాడు. పగులు బయటపడింది. చంద్రకాంత్ వేలితో దాని పొడవునా ముట్టుకుంటూ వెళ్లి, "ఇది ఒరిజినల్ క్రాకేనా అండీ?" అని భక్తిగా అడిగాడు.

"కాదు బాబూ. అదీ వీడిదే" అన్నారు రావుగారు.

ఆ వారంలోనే చంద్రకాంత్ తీయించిన టైల్స్ ఆటోలో దుకాణం ముందు దిగాయి. ఇసుక ఎక్కువ వేయించడం వల్ల తేలిగ్గా ఊడొచ్చాయి, ఒక్క డాల్ఫిన్‌కు కూడా దెబ్బ తగల్లేదు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని వెంకటేశం బల్ల వెనక పెద్ద బోర్డే ఉంది, కానీ అవి అమ్మిన సరుకు కాదు.