ఖాయం అనేదాకా

ఆ బుధవారం పొద్దున ధనంజయ ఒక్కటే పని పెట్టుకున్నాడు. పాకాలలో పరంధామయ్య ఇంటి ముందుగది బాడుగకు తీసుకుని, కంప్యూటర్‌తో జాతకాలు కలిపే కొట్టు శుక్రవారం తెరవబోతున్నాడు. ప్రోగ్రాము తనే రాశాడు. పరీక్షలో నెగ్గనిదే ఫ్లాపీ మీద 'ఖాయం' అని రాసేది లేదని భీష్మించుకున్నాడు. అన్యోన్యంగా కాపురం చేస్తున్న జంట వివరాలిస్తే కంప్యూటరు 'కుదురుతుంది' అనాలి, అదీ పరీక్ష. అలాంటి జంట ఇంట్లోనే ఉంది. పరంధామయ్యనూ, ఆయన భార్య జ్ఞానాంబనూ పుట్టిన వేళలు అడిగి ఎక్కించాడు.

ప్రింటరు కరకరమని కాగితం కక్కింది: 'కుదరదు.'

తప్పెక్కడుందోనని ప్రోగ్రామంతా గాలించాడు. మళ్ళీ 'కుదరదు.' ఇంతలో కాఫీ తెచ్చిన జ్ఞానాంబ ఆ కాగితం చూసింది.

"ఏమండీ! మనకు కుదరదంట!"

"ఎవురన్నారే?"

"కంప్యూటరే అనింది!"

కంప్యూటరు అబద్ధమాడదని ఊరంతా నమ్మే రోజులవి. పరంధామయ్య ఆలోచనలో పడ్డాడు. "అందుకేనా, ఏపొద్దూ నా మాటకు అడ్డం చెప్తావు?"

"నేనా? ఉప్పు సరిపోయినా సాల్లేదనేది ఎవురు?"

పక్కింటి సుబ్బులమ్మ చెవిన పడింది. ఇంకేముంది, మిషను కాపురం కూల్చిందని వీధంతా గుప్పుమంది. జ్ఞానాంబ పలమనేరులోని పుట్టింటికని పెట్టె సర్దింది. పరంధామయ్య ధనంజయ మీద విరుచుకుపడ్డాడు. "ఆ డబ్బాను ఎత్తుకోని పో అప్పా, ఈపొద్దే!"

గది పోతే కొట్టే లేదు. ధనంజయ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "పరీక్ష కానిదే పోనన్నా. అక్కా, మీ పెండ్లినాటి జాతకాలు యాడుండాయి? అవీ పెట్టి సూస్తా."

జ్ఞానాంబ ముఖం పాలిపోయింది. "అదొద్దప్పా. కుదరాలని మా నాయన నా పుట్టిన వేళ మార్పిచ్చినాడు. మిషనుతో అబద్ధమెందుకని పొద్దున నీకు నిజం చెప్పినా."

పరంధామయ్య ఆమె చేతిలో పెట్టె అందుకున్నాడు. "మా నాయన కూడా నా వేళ మార్పిచ్చినాడే. నేనూ పొద్దున నిజమే చెప్పినా."

జ్ఞానాంబకు నవ్వాగలేదు. ధనంజయ మాత్రం నవ్వలేదు. పెళ్ళినాటి జాతకాలు ఇప్పించుకుని ఎక్కించాడు. 'దివ్యంగా కుదురుతుంది' అని వచ్చింది. ప్రోగ్రాములో తప్పు లేదు. తృప్తిగా ఫ్లాపీ మీద 'ఖాయం' అని రాశాడు.

శుక్రవారం కొట్టు తెరిచాడు. బోర్డు అడుగున మాత్రం చిన్న అక్షరాల్లో ఒక ముక్క కనిపించింది: 'మీరు చెప్పే పుట్టిన వేళలకు మా బాధ్యత లేదు.'